ఏక్ కోడీ టీనా

మే 3, 1938

గెలిచాను. మళ్లీ రాస్తున్నాను, చూసుకోవడానికి బాగుంది. గెలిచాను.

నాయబు తహసీల్దారు గారు తీర్పు చదువుతుంటే ఠేకేదారు ముత్తయ్య ముఖం చూడాలి. ఆముదం తాగిన పిల్లాడిలా పెట్టాడు. బస్తరు స్టేటు దగ్గర మూడు ఊళ్లు ఠేకాకు, అంటే గుత్తకు, పట్టినవాడు, ఈ ఊళ్లో సగం ఇళ్లు అద్దెకిచ్చినవాడు, ఒక దర్జీవాడి చేతిలో ఓడిపోయాడు. నా ఇరవై జింకు రేకులు నాకు తిరిగి ఇచ్చెయ్యాలట.

వాడి ఇంట్లో అద్దెకున్నప్పుడు కప్పు కారి నా కుట్టుమిషను తుప్పు పడుతోందంటే, "నువ్వే ఏమన్న కప్పుకో, పోయేటప్పుడు తీస్కపో" అన్నాడు. నమ్మి భద్రాచలం నుంచి బండి మీద రేకులు తెప్పించి కప్పాను. కప్పిన నెలకే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఇల్లు బాగుపడింది కదా, ఇప్పపువ్వు నిలవ చేసుకోవడానికి పనికొస్తుందట. రేకుల మాటెత్తితే "గోడకు అంటినయి గోడవే" అన్నాడు. మేము ఊరి చివర పాకలోకి వచ్చిపడ్డాం. నా రేకుల కింద వాడి ఇప్పపువ్వు హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతోంది. పోనీలే, ఇంకెన్నాళ్లు!

తీర్పు కాగితం కచేరీ రాతగాడు ముహర్రిరు హిందీలో రాసిచ్చాడు. "ప్రతివాదీ ఏక్ కోడీ టీనా వాదీ కో దే." ఇరవైని బీస్ అని రాయొచ్చు కదా, కోడీ అని ఎందుకు అని అడిగాను. "బస్తరులో కోడీ అంటే ఇరవై అని పసిపిల్లకు కూడా తెలుసు, టీనా అంటే రేకు అని కూడా తెలుసు, నీకే తెలియదా?" అన్నాడు. నాకెందుకు తెలియదు, మర్యాదకు అడిగాను.

ఇంటికొచ్చి నా భార్య ఉప్పలమ్మకు కాగితం చదివి వినిపించాను.

"రేకులేవి?" అంది.

వస్తాయన్నాను. ఆడవాళ్లకు కచేరీ సంగతులు తెలియవు.

మే 5

వెళ్లాను. ముత్తయ్య పూజలో ఉన్నాడు.

మే 6

ఇంకా పూజలోనే ఉన్నాడు. దేవుడికైనా విసుగు రాదా!

మే 9

దొరికాడు. అరుగు మీద కూచుని చింతపండు తూయిస్తున్నాడు. కాగితం చూపిస్తే కళ్లకద్దుకున్నాడు.

"తీస్కపో భూషణం. నేను వద్దంటినా? కచేరీ చెప్పినంక కాదనేటందుకు నేనెవన్ని? ఎక్కి విప్పుకో. నా మనుషులైతే ఎక్కరు, వాళ్లకు కాళ్లనొప్పులు."

నిచ్చెన కోసం ఊరంతా తిరిగాను. ఈ ఊళ్లో ఉన్నవి మూడు నిచ్చెనలు. మూడూ ముత్తయ్యవే. అడిగితే ఒకటి విరిగిందట, ఒకటి ఉసూరు అనే ఊరికి పోయిందట, ఒకటి ఎక్కడుందో గుర్తులేదట.

నాకు కోపం లేదు. కోపం తెచ్చుకుంటే వాడు గెలిచినట్టే.

మే 10

నాకు కోపం లేదు.

మే 14

కుర్కీ దరఖాస్తు పెట్టాను. అంటే కచేరీ మనిషే వెళ్లి జప్తు చేసి తెచ్చి నా గుమ్మంలో పడేస్తాడు. స్టాంపు ఖర్చు నాది, కచేరీ మనిషి బత్తా నాది. గెలిచినవాడికి ఖర్చులు ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. ఓడిపోయినవాడు ఇంట్లో కూచుని మజ్జిగ తాగుతున్నాడు.

చప్రాసీ మంగ్లూను పంపారు. నడుముకు పటకా, రొమ్ము మీద ఇత్తడి బిళ్ల, చేతిలో కర్ర. యముడి దూతలా పొద్దున్నే వెళ్లాడు. పొద్దుగూకాక త్రేనుస్తూ వచ్చాడు.

"దొర ఇంట్ల లేడు బాబూ."

"లేనివాడు నీకు అన్నం ఎట్లా పెట్టాడు?"

"అన్నం లోపట్నుంచి వచ్చింది. దొర బైటికి పోయిండు. రెండూ వేర్వేరు సంగతులు."

మే 20

సంతకు వచ్చిన మాసా మా పాక చూసి నాలుకతో చప్పరించాడు. ఉసూరు దారిలో వాళ్ల ఊరు, ముత్తయ్య ఠేకాలోదే. ఏప్రిల్‌లో మమ్మల్ని సామానుతో సహా వీధిలో నిలబెట్టినప్పుడు మాసాయే తన మనుషులతో వచ్చి రెండు రోజుల్లో ఈ పాక లేపాడు. ఇవ్వబోతే ఏమీ పుచ్చుకోలేదు. "నీ చేతి అంగీలు ఏసుకుంటం గద అన్నా" అన్నాడు. ఇవాళ కూడా చెప్పకుండానే ఎక్కి, చిరిగిన చోట కొత్త తాటాకు దోపాడు.

"అన్నా, ఇది చినుకులకైతే ఆగుతది. మిరుగు వానకు ఆగదు. రేకులెప్పుడిస్తడు?"

"ఈ వారంలో."

"మాకు గూడ ఈ వారంలనే తిప్పలు. వానల ముంగట ఇంటికి రెండు కోడీల వెదుళ్లు ముత్తయ్య దొరకు మోసియ్యాలె. నలభై వెదుళ్లు గుట్ట మీదికెల్లి దింపుడంటే దుక్కి దున్నేటి రోజులన్నీ దానికే పోతయి."

అయ్యో అన్నాను. పాపం, అమాయకులు. కానీ నాకు నా చింతే చాలు. స్టేటు అడవి గార్డులకు కుట్టాల్సిన ఖాకీ బట్ట తాను తాన్లుగా ఈ పాకలోనే ఉంది. తడిసి బూజు పట్టిందంటే బట్ట ఖరీదు నా నెత్తినే. మిషను అమ్మినా తీరదు. మిషను లేని దర్జీ అంటే ఎవడు? వేళ్లు చూసుకుంటూ కూచునేవాడు.

మే 29

మనిషిని తొందరపడి తూచకూడదు. ముత్తయ్య గారి గురించి పైన రాసినవన్నీ కొట్టేద్దామనుకున్నాను. సిరా దండగని వదిలేశాను.

సాయంత్రం ఆయన మనిషి వచ్చి దొర భోజనానికి రమ్మన్నాడని చెప్పాడు. ఉప్పలమ్మ వద్దంది. "పిల్లి ఎలుకను బువ్వకు పిలిస్తే ఎలుక ముంత పట్టుకొని పోయిందట" అంది. దీనికి లోకం మీద నమ్మకం లేదు. ఇస్త్రీ అంగీ తొడుక్కుని వెళ్లాను.

ఆయన గుమ్మం దాకా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. పీట వేయించారు. అటు బడిపంతులు, ఇటు మంగ్లూ, మధ్యలో నేను. వాళ్లిద్దరి ఆకుల్లో పప్పు. నా ఒక్కడి ఆకులో కోడికూర. ఇదేమిటి దొరా అంటే, "ఇయ్యాల వాదివి నువ్వు, మర్యాద నీదే" అన్నారు. కాళ్లు, రెక్కలు, కార్జం, కందనకాయ, మెడ, అన్నీ నాకే. చాలు దొరా అని చెయ్యి అడ్డం పెట్టాను.

"అట్లనకు భూషణం. ఒక్క ముక్క మిగిలినా లెక్క తప్పుతది. తిను తిను."

ఎంత ఆప్యాయత! చివరి ముక్క మింగేదాకా పంతులూ మంగ్లూ నా నోటి వంకే చూస్తూ కూచున్నారు. పాపం, వాళ్లకూ ఆశ ఉంటుంది కదా.

చెయ్యి కడుక్కున్నాక కాగితం తెచ్చారు. "రేపు పొద్దుగాల కూలోళ్లను, నిచ్చెనలను పంపిస్త. ఇంక కచేరీ చుట్టు తిరుగుడెందుకు ఇద్దరం? ముట్టినట్టు ఒక గీత గియ్యి." నేను చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. రెండుసార్లు చదివాను. 'తీర్పు ప్రకారం ఏక్ కోడీ పూర్తిగా ముట్టినది.' ఏక్ కోడీ, అంటే ఇరవై. లెక్క సరిపోయింది. సంతకం పెట్టాను. పంతులు సాక్షి సంతకం, మంగ్లూ వేలిముద్ర వేశారు.

కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. అది తప్ప వంక పెట్టడానికి లేదు.

మే 30

కూలీలు రాలేదు. ఎండ ఎక్కువగా ఉంది కదా, సాయంత్రం వస్తారేమో.

మే 31

ఇవాళ అమావాస్య అయి ఉంటుంది. (కాదట. ఉప్పలమ్మ చెప్పింది.)

జూన్ 2

నేను గాడిదను. ఈ మాట ఇంకెవరూ అనకముందు నేనే అనుకుంటే కాస్త పరువుగా ఉంటుంది.

కచేరీ నుంచి పిలుపొచ్చింది. ముత్తయ్య పట్టు తలపాగాతో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, పెళ్లికొడుకు బాబాయిలా. నాయబు గారు రాయపూర్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. ముత్తయ్య హిందీలో మొదలుపెట్టాడు.

"హుజూర్, తమ తీర్పు అక్షరం పొల్లుపోకుండ జరిపించిన. ఇగో రసీదు."

నాయబు గారు రసీదు చూసి తలూపి, రేకులు అన్నీ అందాయా అని నన్ను అడిగారు. ఒక్కటీ అందలేదన్నాను. ఆయన ముత్తయ్య వంక చూశారు.

"రేకులా? రేకులని ఏడ రాసింది హుజూర్?" అని కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. "ఏక్ కోడీ. ఒక కోడి. టీనా. తిన. వాదీ కో దే. వాదికి దే. ఒక కోడి తిన వాదికి దే, అంటే తినేటందుకు వాదికి ఒక కోడి ఇయ్యి అన్నరు. మేం తెలుగోళ్లం హుజూర్, మా చెవికి ఎట్ల వినబడితే అట్ల చేసినం. కోసిన, వండిన, పెట్టిన. తిన్నడు."

నాయబు గారు పంతులును పిలిచి తెలుగులో కోడీ అంటే ఏమిటని అడిగారు. "ముర్గీ, హుజూర్" అన్నాడు ఆ సరస్వతీ పుత్రుడు. నాయబు గారికి నవ్వొచ్చింది. నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వారు. ఎన్నాళ్లుగా నవ్వలేదో ఏమో, ఈ అడవిలో ఉద్యోగం! ఆయన సంతోషానికి నేను పనికొచ్చాను.

"తిన్నావా?" అని నన్ను అడిగారు.

"తిన్నాను హుజూర్, కానీ..."

"పూరా?"

"పూరా, హుజూర్."

"రసీదు మీద సంతకం నీదేనా?"

నాదే. అందంగా కూడా ఉంది.

ముహర్రిరుతో రాయించారు. ఈ ఇలాకాలో కోడీ అనగా ముర్గీ అని సాక్షుల వల్ల రుజువైంది. వాది పూర్తిగా తిన్నట్టు ఒప్పుకున్నాడు. డిక్రీ చెల్లు. దాని మీద మొహరు గుద్దారు. ఆ గుద్దు నా వీపు మీద పడ్డట్టే ఉంది.

బయటికొస్తుంటే మంగ్లూ ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకు బాబూ. కోడి మాత్రం మంచిది, నాటుకోడి."

జూన్ 3

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఉప్పలమ్మతో ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేస్తున్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

జూన్ 8

మిరుగు కార్తె వచ్చింది. వాన. మంచం మీద మిషను, మిషను మీద దుప్పటి, దుప్పటి మీద గొడుగు. మంచం కింద మేమిద్దరం. ఖాకీ తాన్లు వాసాలకు కట్టాను. వాసాలు కూడా కారుతున్నాయి.

జూన్ 10

ఇవాళ సంతలో ఉప్పలమ్మ ఒట్టు గట్టున పెట్టింది. మాసా భార్య గంగే ఇప్పపువ్వు గంపతో కనిపిస్తే మొత్తం చెప్పేసిందట, నేను కందనకాయ నమిలిన తీరుతో సహా. ఇద్దరూ గంపల మీద పడి పడి నవ్వారట. నవ్వి నవ్వి గంగే ఉన్నట్టుండి ఆగిపోయిందట.

"అక్కా, కచేరీల గట్లనే రాసిండ్రా? కోడీ అంటే కోడేనా?"

"మొహరు గుద్ది మరీ రాసిండ్రు."

గంగే గంప ఎత్తుకుని, ఇప్పపువ్వు అమ్మకుండానే ఊరికి పోయిందట. ఎందుకో మరి. నేను మాత్రం ఉప్పలమ్మతో మాట్లాడడం మానేశాను.

జూన్ 14

రాస్తుంటే నవ్వు ఆగడం లేదు.

పొద్దున ముత్తయ్య అరుగు మీద కూచుని వెదుళ్లు లెక్కపెట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ వీధిలో బొత్తాలు కొనే పని ఉండి నేనూ అక్కడే ఉన్నాను. (బొత్తాలు రేపు కొంటాను.) ఉసూరు దారిన మాసా ఊరు ఊరంతా వచ్చింది. భుజాల మీద వెదురు లేదు. చంకల్లో బుట్టలున్నాయి. మాసా ముందుకొచ్చి బుట్ట దించి రెండు కోళ్లను అరుగు కింద వదిలాడు.

"రెండు కోడీలు, దొరా."

"ఏందిరా ఇది? వెదుళ్లేవి?"

"వెదుళ్లెందుకు? కోడీ అంటే కోడి అని నువ్వే కచేరీల చెప్పినవట గద. రెండు కోడీలంటివి. ఇగో రెండు. మా మాటల కోడిని కోర్ అంటం, నీకు కోడీ అంటెనే తెలుస్తదని అట్లనే అంటున్నం."

ముత్తయ్య లేచాడు, కూచున్నాడు, మళ్లీ లేచాడు. "ఏమనుకుంటున్నవ్ రా? ఏండ్లకేండ్లు ఇస్తున్నది ఏంది? ఇరవై వెదుళ్లు ఒక కోడీ కాదా?"

"అప్పుడు మాకు తెల్వదు దొరా. కచేరీ చెప్పినంక కాదనేటందుకు మేమెవలం?"

కావాలంటే మంగ్లూను అడగమన్నాడు. మంగ్లూ బిళ్ల సవరించుకుని, కచేరీ రాత అదేనని, తను స్వయంగా వేలిముద్ర వేశానని వీధిలో అందరి ముందూ చెప్పాడు. దాని తరవాత బుధ్రా, జోగ, భీమే, ఒక్కొక్కరూ బుట్ట దించి రెండేసి వదిలారు. మధ్యాహ్నానికి అరుగు నిండా, పెరడు నిండా, నా రేకుల ఇంట్లో ఇప్పపువ్వు రాశి మీద కూడా కోళ్లే. ముత్తయ్య తలపాగా మీద ఒకటి ఎక్కిందని అంటున్నారు. నేను చూడలేదు, కానీ నమ్ముతాను.

మాసా నన్ను చూసి కన్నుగీటాడు. "అన్నా, నీ కడుపుల పడ్డ కోడి మా ఊర్ల ఇంటింటి నలభై వెదుళ్లు మోసింది" అన్నాడు. వాళ్ల దుక్కి రోజులు వాళ్లకు మిగిలాయి. చూస్తే కడుపు నిండిపోయింది.

ఇంతకూ ఇదంతా నేను వేసిన ఎత్తే. ఒట్టు వేయించుకుంటే ఉప్పలమ్మ తప్పక చెప్పేస్తుందని నాకు ముందే తెలుసు.

జూన్ 17

తుపర. తలుపు కొట్టారు. తీస్తే ముత్తయ్య, తలపాగా లేకుండా. ఆ తలపాగా కింద అంత బట్టతల ఉందని నాకిన్నాళ్లూ తెలియదు. లోపలికి రమ్మని, "ఆ మూల నిలబడండి దొరా, అక్కడ తక్కువ కారుతుంది" అన్నాను. ఎక్కువ కారేది అక్కడే.

నాయబు దగ్గరికి పోయాడట. నువ్వే అడిగి రాయించుకున్నది నేనెట్లా కొట్టేస్తాను, వాది వచ్చి ఒప్పుకుంటే అది వేరే సంగతి అన్నారట ఆయన.

"నువ్వొచ్చి రాజీ కాగితం రాసియ్యి భూషణం. కోడీ అంటే ఇరవై అని, ఆ కోడికూర చుట్టపుచూపుగ తిన్ననని. గంతే. రెండు రోజుల్ల నీ రేకులు నీ ఇంటి మీదుంటయి. నేనే దగ్గరుండి కప్పిస్త."

నీళ్లు ఆయన నెత్తి మీద నుంచి ముక్కు మీదికి కారుతున్నాయి. బతిమాలుతుంటే ఎంత బాగున్నాడు! ఆలోచించి చెబుతానన్నాను. ఇన్నాళ్లూ ఆయన పూజలో ఉన్నాడు కదా, ఇప్పుడు నేనున్నాను.

వెళ్లాక ఉప్పలమ్మ అంది, "రాయకు."

"రేకులో?"

"కార్తెలు పోతయి. వాన పోతది. ఇంకో పాక ఏస్కుంటం. మాసా వాళ్ల మెడ మీదికెల్లి ఈయేడే బరువు దిగింది. నువ్వు మళ్ల ఎత్తుతవా?"

వాసాల మీది ఖాకీ చూపించాను. నాలుగు తాన్ల అంచులు నల్లబడ్డాయి.  

జూన్ 18

కోడీ అంటే ఇరవై. ఇది నేను పుట్టించిన మాట కాదు. ముహర్రిరు చెప్పాడు, సంతలో ఎవరినడిగినా చెబుతారు, మాసానడిగినా చెబుతాడు. ఉన్న మాట అనడానికి ఎవరి అనుమతి కావాలి? మే నుంచి నేను పోరాడింది ఈ మాట కోసమే కదా.

ఐదో తాను కూడా నల్లబడింది.

జూన్ 19

రాసిచ్చాను.

నాయబు గారు పాత హుకుం రద్దు చేశారు. ఈ ఇలాకా అంతటా కోడీ అనగా ఇరవై, ఠేకాల్లో కూడా ఇదే లెక్క అని రాయించారు. ముత్తయ్య ఇంకో మాట అడిగాడు. మరి జనం తెచ్చిన కోళ్ల సంగతేమిటని. వాళ్లంతట వాళ్లు తెచ్చి ఇచ్చినవి నజరానా కిందికి వస్తాయన్నారు నాయబు గారు. అంటే కోళ్లు ముత్తయ్యవే. వెదుళ్లూ ముత్తయ్యవే.

సిగ్గేసింది. అప్పటికి సంతకం చేసేశాను.

జూన్ 21

రేకులు వచ్చాయి. ఇరవైకి ఇరవై. మూడు నిచ్చెనలూ వచ్చాయి, విరిగిందన్నది కూడా.

మోసుకొచ్చింది మాసా, బుధ్రా, జోగ, ఇంకా ఊరి వాళ్లు. ముత్తయ్య వాళ్లను బేగారికి, అంటే వెట్టికి, పట్టాడు. పొద్దుటికి ఇంటికి నలభై వెదుళ్లూ ఆయన పెరట్లో దించడం ముగించి, అట్నుంచి అటే నా రేకులు ఎత్తుకున్నారు. పాక మీది తాటాకు పీకింది మాసాయే. వేసింది కూడా అతనే కాబట్టి ఎక్కడ ఏ ముడి ఉందో తెలుసు. రేకులు పరిచి మేకులు కొట్టాడు. పై నుంచి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

"మాసా, జాగ్రత్త, జారుతుంది" అన్నాను.

"ఆఁ" అన్నాడు.

ఉప్పలమ్మ అందరికీ అంబలి పోసింది. నేనూ చెంబు తీసుకుని వెళితే, "నీకేంది, కోడి వండాల్నా?" అంది. అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

జూన్ 22

నేను రాసింది అబద్ధం కాదు.

జూన్ 24

వాన దంచింది. ఖాకీ ఆరింది. మా తహసీలు ఊరు బీజాపూర్ నుంచి కొత్త దారం తెప్పించి ఏడు జతలు పూర్తి చేశాను. బూజు పట్టిన అంచులు లోపలికి మడిచి కుట్టాను, పైకి కనబడదు.

రేకుల మీద వాన చప్పుడుకి ఉప్పలమ్మ ఏమన్నా వినబడదు. అది ఏమీ అనడం లేదు కూడా.

జూన్ 26

అబద్ధం కాదు.

జూలై 1

మాసా వచ్చాడు, గంగేతో కలిసి. గుమ్మం బయటే నిలబడ్డాడు. చిరిగిన గోనెసంచి ఒకటి, దారికి తిండి మూట కట్టుకోవడానికి కుట్టిపెట్టమన్నాడు. ఎక్కడికని అడిగాను. ఊరంతా బీజాపూర్ పోతున్నారట, పెద్ద తహసీల్దారు దగ్గరికి. కోళ్లూ తీసుకుని వెదుళ్లూ తీసుకుంటే అదేం న్యాయమని అడుగుతారట.

నా ప్రాణం లేచొచ్చింది. చెప్పొద్దూ, ఇన్ని రోజుల తరవాత మొదటిసారి ఊపిరాడినట్టనిపించింది. "అర్జీ ఉండాలి మాసా. ఊరికే పోతే గేటు దగ్గరే తరిమేస్తారు. కూచో, నేను రాసిస్తాను. ముత్తయ్య బట్టతల కూడా వదలకుండా రాస్తాను. నాకేమీ వద్దు" అన్నాను. కాగితం, సిరాబుడ్డి తెచ్చి మిషను బల్ల మీద పెట్టాను కూడా.

"వద్దయ్యా" అన్నాడు మాసా. అన్నా అనలేదు. "నువ్వు రాస్తే మళ్ల ఇరవై అయితది."

కోపంగా అనలేదు. కొలత తప్పిన అంగీ తిరిగిచ్చేటప్పుడు అన్నట్టు అన్నాడు.

"మరి ఎవరు రాస్తారు?"

"రాసెటోడు వద్దు. అందరం పోతం, నోటితోటి చెప్తం. మొత్తం జరిగింది చూసినోళ్లు, విన్నోళ్లు ఉన్నరు గద."

సంచి కుట్టిచ్చాను. గట్టిగానే కుట్టాను, రెండు వరసలు. గంగే అందుకుని ఇంట్లోకి తొంగి చూసి, "అక్కా, పోదమా?" అంది. ఎవరిని అక్కా అంటోందో నాకు వెంటనే తట్టలేదు. ఉప్పలమ్మ మూలనున్న గొడుగు తీసుకుంది, మిషను మీద పట్టిన ఆ గొడుగే. కచేరీలో ఏం రాశారో గంగేకు చెప్పింది తనే కాబట్టి, ఆ మాట పెద్ద తహసీల్దారు ముందు కూడా తనే చెబుతుందట.

"నా మీద కూడా చెబుతావా?" అన్నాను.

"జరిగింది చెప్త" అంది. "గంజి కుండల ఉన్నది. తాగు."

మలుపు దాకా చూశాను. అంతలో వాన అందుకుంది. ఒక్క గొడుగు కింద గంగే, ఉప్పలమ్మ, మిగిలినవాళ్లు తడుస్తూ నడుస్తున్నారు.

ఇప్పుడు బాగా కురుస్తోంది. ఇంట్లో ఒక్క చుక్క కూడా కారడం లేదు.